కట్టి చూసిన చదువు

నారాయణఖేడ్ పశువుల సంతలో చంద్రప్పను మోసం చేయగల మనిషి ఇంకా పుట్టలేదని చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా చంద్రప్పే. ఇరవై ఎనిమిదేళ్లుగా దలాలీ చేస్తున్నాడు. ఎద్దు నోరు తెరిచి పళ్లు చూశాడంటే వయసు చెబుతాడు. నాలుగడుగులు నడిపించాడంటే ఏ కాలికి ఎప్పుడు దెబ్బ తగిలిందో చెబుతాడు. ఇంకో నాలుగడుగులు నడిపిస్తే దాని యజమాని ఇంట్లో నిన్న ఏం గొడవైందో కూడా చెప్పేలా ఉంటాడు. కానీ ఎంత మంచి ఎద్దయినా కట్టి చూడందే బేరానికి కూర్చోడు. సంత పక్కన దున్నిన మడి ఒకటుంది. అక్కడ కాడి కట్టి రెండు సాళ్లు తోలించి, ఎద్దు కూలబడకపోతేనే తువాల భుజం మీది నుంచి చేతిలోకి దిగుతుంది.

తువాల సంగతి తెలియని వాళ్ల కోసం ఒక మాట. సంతలో ధర నోటితో చెప్పరు. దళారి తన చేతినీ అవతలివాడి చేతినీ కలిపి తువాల కప్పేస్తాడు. దాని కింద వేళ్లు పట్టుకుని బేరమాడతారు. ఎన్ని వేళ్లు పడితే అన్ని పదివేలు, ఆ తర్వాత ఎన్ని పడితే అన్ని వేలు. చుట్టూ వంద మంది నిలబడినా ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ ధర తెలియదు. తెలిస్తే దళారి బతుకు అంతటితో సరి.

అలాంటి చంద్రప్ప ముందు కూతురు రజిత ఒక రంగుల పుస్తకం పెట్టింది. ఖేడ్‌లోనే డిగ్రీ పూర్తి చేసిన పిల్ల, ఇరవై రెండేళ్లది. హైదరాబాద్ అవతల ఏదో ప్రైవేటు యూనివర్సిటీలో ఎం.ఏ. సెక్యూరిటీ స్టడీస్‌లో సీటు వచ్చిందట. వాచ్‌మన్ పనికి ఎం.ఏ. ఎందుకని చుట్టాలంతా ఫోన్లు చేశారు. అది ఆ పని కాదనీ, దేశాలకూ కంపెనీలకూ ఏ వైపు నుంచి ముప్పు వస్తుందో ముందే పసిగట్టే చదువనీ రజిత ఓపిగ్గా ఒక్కొక్కరికీ చెప్పింది. ఆ తలనొప్పి రెండు రోజుల్లో తీరింది. తీరనిది ఫీజు. రెండేళ్లకు నాలుగు లక్షలు. హాస్టలు, తిండి కలిపి ఇంకో లక్ష.

చంద్రప్ప దగ్గర సరిగ్గా ఐదు లక్షలే ఉన్నాయి. అవి సెకండ్ హ్యాండ్ బొలెరో పికప్ కోసం మూడేళ్లుగా కూడబెట్టినవి. ఆయన ఫోను తెరిస్తే దేవుడి బొమ్మ రాదు, తెల్ల బొలెరో వస్తుంది.

ఆయన యూనివర్సిటీ పుస్తకం అటూ ఇటూ తిప్పాడు. పేజీ పేజీలో పిల్లలు నవ్వుతున్నారు.

"వీళ్లు ఎందుకు నవ్వుతున్నరు బిడ్డా? గీ ఫోటో ఫీజు కట్టకముందు దీసిందా, కట్టినంక దీసిందా?"

"బాపూ, గది గట్లనే ఉంటది. ఫోన్ నంబరుంది, నువ్వే అడుగు."

ఫోన్ చేశాడు. అవతలి అమ్మాయి తేనె పూసిన గొంతుతో నూటికి నూరు శాతం ఉద్యోగ సహాయం అంది. చంద్రప్ప ఫోను పెట్టేసి మీసం దువ్వుకున్నాడు. "నూటికి నూరు అన్నోని ఎద్దును నేను తాడు గూడ ముట్ట. ఏదో ఒక ఐబు చెప్పినోని దగ్గరనే కొంట" అన్నాడు. ఐబు అంటే లోపం. లోపం లేని సరుకు సంతకు రాదని ఆయన నమ్మకం.

రజితకు ఏడుపొచ్చింది. సీటుకు డబ్బు కట్టడానికి గడువు ఇప్పటి నుంచి రెండో సంత నాటి సాయంత్రం ఐదింటి వరకే. అంటే పది రోజులు. బాపు వద్దంటే పోట్లాడేది. వద్దనడం లేదు, సరే అనడం లేదు, చదువును ఎద్దులా చుట్టూ తిరిగి చూస్తున్నాడు.

నిజం చెప్పాలంటే చంద్రప్పకు భయంగా ఉంది. ఇరవై ఎనిమిదేళ్లలో ఎవడి చేతిలోనూ మోసపోని మనిషి, తీరా సొంత బిడ్డ విషయంలో, పళ్లు కూడా కనబడని సరుకు దగ్గర మోసపోతే ఎలా? డబ్బు పోతే పోయింది. రెండేళ్ల తర్వాత పిల్ల ఏ పనీ దొరక్క ఇంటికొచ్చి, ఏమీ అనకుండా మూల కూర్చుంటే ఆయన చూడలేడు. ఆ మాట పెళ్లాం సత్తెమ్మకు కూడా చెప్పలేదు. చెప్పలేక, సంతలో చెప్పే మాటే చెప్పాడు.

"గా చదువు చదివినోన్ని ఒక్కన్ని తీస్కరా. కట్టి చూస్త."

రజిత రెండు రోజులు ఫోన్ల మీద ఫోన్లు చేసి ఒకణ్ణి పట్టింది. కల్హేర్ వాడు, పేరు సుభాష్. అదే చదువు పూర్తి చేసి హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పని చేస్తున్నాడు. సెలవు మీద ఇంటికొచ్చాడు. సంతకు ముందు రోజు వీపు మీద ల్యాప్‌టాప్ సంచితో బండి దిగాడు.

చంద్రప్ప అతని చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక నుంచి చూశాడు, పక్క నుంచి చూశాడు. "జర గా గేటు దాంక నడిచి రా కొడకా" అన్నాడు. పాపం, పెద్దమనిషి చెప్పాడని సుభాష్ నడిచి వచ్చాడు. సత్తెమ్మ చాయ్ ఇచ్చింది. అతను థాంక్స్ అని నవ్వినప్పుడు చంద్రప్ప ముందుకు వంగి పళ్లు చూశాడు. రజిత సిగ్గుతో చచ్చిపోయింది.

"ఏం పని చేస్తవ్?"

"కాకా, మా కంపెనీ బండ్లు దేశమంత తిరుగుతయ్. ఏ రోడ్డు మీద బంద్ ఉన్నది, యాడ వరదొచ్చింది, యాడ లొల్లి అయితది, ముందుగాల జూసి రిపోర్టు రాస్త."

"జీతం?"

"ముప్పై రెండు వేలు. రూము కిరాయికి పదకొండు పోతది."

"ఐబు ఏంది మీ చదువుకు?"

ఈ ప్రశ్న ఇంటర్వ్యూలో ఎవరూ అడగరు. సుభాష్ చాయ్ కప్పు కింద పెట్టి కాసేపు ఆలోచించాడు. "ఉన్నది కాకా. నాకు నౌకరీ దొరుకుడుకు ఎనిమిది నెలలు పట్టింది. క్లాసుల ముప్పై మందిమి. గీ లైన్ల ఉన్నది తొమ్మిది మందిమే. మిగిలినోళ్లు బ్యాంకు పరీక్షలు రాస్తున్నరు. ఇద్దరు సర్కారు నౌకరీకి పోయిండ్రు. ఒకడు బిర్యానీ సెంటర్ పెట్టిండు, మాకందరికన్న వానికే ఎక్కువొస్తది."

చంద్రప్పకు కుర్రాడు నచ్చాడు. ఐబు దాచలేదు. ఆ తర్వాత గొంతు తగ్గించి, మూడు నెలలుగా ఎవరికీ చెప్పని తన కష్టం చెప్పాడు. ఆయన తువాల కింద ధర బయటికి పోతోంది. ఇక్కడ ఈయన అమ్మేవాడి దగ్గర ఆఖరి ధర ఎంతో పట్టుకుంటాడో లేదో, అవతల పోటీ దళారి శంకరప్ప కొనేవాణ్ణి పక్కకు పిలిచి, అలాంటి ఎద్దునే సరిగ్గా ఐదువందలు తక్కువకు చూపిస్తున్నాడు. ఒకసారి కాదు, ప్రతిసారీ.

"రేపు సంతకు రా. ఎట్ల తెలుస్తుందో కనిపెట్టు. గదే నీ రెండు సాళ్లు" అన్నాడు.

మరునాడు సుభాష్ పొద్దున్నే వచ్చి పని మొదలుపెట్టాడు. మొదటి గంటలో సంత అంతటికీ నక్షా గీశాడు. రెండో గంటలో దానికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వేశాడు. చాయ్ అమ్మే ఆవిడ ఎరుపులో పడింది. మొన్న అమ్ముడుపోక తిరిగొచ్చిన గంగిగోవు పసుపులో పడింది. ఔరాద్ వైపు నుంచి వచ్చిన కన్నడ రైతు ఒకాయన, ఈ పిల్లవాడు తన ఎద్దును కొలుస్తున్నాడనుకుని "ఎష్టు కొడ్తీయా" అని వెంటపడ్డాడు. ఎంతిస్తావు ఎంతిస్తావు అని ఆయన, వద్దు వద్దు అని సుభాష్, సగం సంత చుట్టారు. దూరం నుంచి చూస్తున్న చంద్రప్ప, ఎద్దు మొదటి సాలులోనే కూలబడిందని బాధపడ్డాడు. ఇంటికెళ్లి కూతురి ముఖం ఎలా చూడాలా అని తలపాగా సర్దుకున్నాడు.

ఆ తర్వాత సుభాష్ రంగుల కాగితం మడిచి జేబులో పెట్టి, ఒక ఖాళీ బండి నొగ మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా కదల్లేదు. చంద్రప్ప వైపు చూడను కూడా లేదు. కళ్లు ఆర్పకుండా శంకరప్పనే చూశాడు.

సాయంత్రం చంద్రప్ప ఇంటి అరుగు మీద రిపోర్టు చదివి వినిపించాడు సుభాష్. పదకొండు పేజీలు. అందులో పది పేజీలు ఎవరికీ అర్థం కాలేదు. పదకొండో పేజీకి వచ్చేసరికి అతని గొంతు మారింది.

"కాకా, ఇయ్యాల మీరు పద్నాలుగు బేరాలు జేసిండ్రు. పద్నాలుగింటికీ శంకరప్ప మీ దగ్గర్లనే నిలవడ్డడు. కని ఒక్కసారి గూడ మీ తువాల దిక్కు జూడలే. మీ మొకం జూడలే. నేల జూసిండు."

"నేల మీద ఏమున్నది?"

"గదే సమజ్ అయితలే. చీమలబారు ఉండొచ్చని రాసిన, పన్నెండు శాతం అవకాశం."

చంద్రప్ప నేల వైపు చూశాడు. నేల నేలలాగే ఉంది. సత్తెమ్మ పొయ్యి మీద పాలున్నాయంటూ గబగబా లోపలికి పోయింది. రజిత గడపలో నిలబడి పెదవి కొరుక్కుంటోంది.

"బాపూ, నీకు కోపమొస్తది."

"చెప్పు."

"నీ కాలి బొటనవేలు."

ఆయన తన కాళ్లు చూసుకున్నాడు. పాత తోలు చెప్పుల్లోంచి బొటనవేళ్లు రెండూ అమాయకంగా పైకి చూస్తున్నాయి.

"బేరంల నీ చెయ్యి యాభై అంటది. బొటనవేలు నాలుగుసార్లు లేస్తది, జర ఆగి ఆరుసార్లు లేస్తది. నలభై ఆరుకే తెగుతది. నీ మనసుల ఆఖరి ధర ఎంతుంటే గంత లేస్తది. కుడికాలిదే. ఎడమకాలు మంచిదే."

సుభాష్ మర్యాద కోసం ఆకాశం చూస్తున్నాడు, కానీ అతని కళ్లు మాటిమాటికీ కిందికి జారుతున్నాయి.

"నీకెప్పటి సంది ఎరుక?" చంద్రప్ప కుడికాలు వెనక్కి లాక్కుంటూ అడిగాడు.

"ఎనిమిదేండ్లప్పటి సంది. నన్ను సంతకు తీస్కపోయి నీ కాళ్లకాడ కూసోవెడుతుంటివి గద. మిర్చీలు కొనిస్తవా అని అడిగితే నువ్వు ఇయ్యాల పైసల్లేవంటవు. వేలు లేస్తే ఇంకోసారి అడుగుదు, లేవకుంటే ఊకుందు."

చంద్రప్పకు సిగ్గు, కోపం, ఇంకేదో కలిసి ఒక్కసారే వచ్చాయి. ఇరవై ఎనిమిదేళ్లు మనసులో దాచానని అనుకున్నదంతా చెప్పుల్లో పెట్టుకుని సంత మధ్యన నిలబడ్డాడన్నమాట. ఆ కోపం ఎటు పోవాలో తెలియక చదువు మీదికి పోయింది.

"గట్లయితే ఇగ ఐదు లక్షలు ఎందుకు? చదివినోనికి చీమలు గనబడ్డయ్. చదవనిదానికి అసలుది ఎరుకనే ఉన్నది!"

రజిత ముఖం మాడిపోయింది. తన కాళ్ల మీద తనే బండ వేసుకున్నానని తెలిసింది. కానీ ఆ పిల్ల చంద్రప్ప కూతురే, బేరం మధ్యలో లేచిపోయే రకం కాదు.

"బాపూ, పద్నాలుగేండ్ల సంది జూస్తున్న. గది నీ అలవాటు అనుకున్న. గది నష్టమని నాకు తట్టనే లేదు. సుభాషన్న ఒక్క పూటల పట్టిండు. నేను నిన్ను జూసిన. అన్న నిన్ను జూసేటోన్ని జూసిండు. గట్ల జూసుడు నాకు రాదు. గది నేర్సుకోనే పోతనంటున్న."

చంద్రప్ప "వచ్చే సంత కానీ" అని లేచి, జీవితంలో మొదటిసారి, కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నడుస్తూ లోపలికి పోయాడు. సత్తెమ్మ రానుపోను పెట్రోలుకు డబ్బులు ఇస్తుంటే సుభాష్ వద్దని, ఆమె కట్టిచ్చిన సకినాలు మాత్రం తీసుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి సంత నాటికి ఖేడ్ బజారులో చంద్రప్ప నల్ల షూలు కొన్నాడు. మెరుస్తున్న ఆఫీసరు షూలు. మోకాళ్ల దాకా దుమ్మున్న ధోవతి కింద అవి ఎలా ఉన్నాయో చెప్పడం నా వల్ల కాదు. సంతలో అడుగు పెట్టగానే "ఎవరి లగ్నమే?" అని ఒకరు, "కలెక్టర్ సాబ్ వచ్చిండు, జరుగుండ్రి" అని ఒకరు. పేడలో ఒక కాలు జారి, ఎద్దు తోక పట్టుకుని నిలదొక్కుకున్నాడు. అయినా విప్పలేదు.

మొదటి బేరం సిర్గాపూర్ రైతు అహరోనుది. కాడెద్దుల జత కావాలని వచ్చాడు. కట్టి చూశారు, రెండు సాళ్లు తోలారు. చంద్రప్ప తువాల కప్పాడు. శంకరప్ప ఎప్పటిలాగే నాలుగడుగుల దూరంలో నిలబడి నేల చూశాడు. నల్ల షూ కనబడింది. తల వంచి చూశాడు, చతికిలబడి చూశాడు, చెప్పు తాడు కట్టుకుంటున్నట్టు నటిస్తూ ఇంకా దగ్గరికొచ్చి చూశాడు. షూ కదల్లేదు. అహరోను జత తోలుకుని వెళ్లిపోయాడు.

మూడు బేరాలయ్యాక శంకరప్ప ఆగలేకపోయాడు. "గిదేం అన్యాలం చంద్రప్పా! ఇరవై ఏండ్ల సంది లేని షూలు ఇయ్యాలనేనా? మాకు బతుకుండొద్దా?" అని నలుగురిలో నిలదీశాడు. చుట్టూ ఉన్న దళారులు కొందరు పాపం అన్నట్టు శంకరప్పకేసి చూశారు. అప్పుడు అర్థమైంది చంద్రప్పకు, ఆ వేలు మీద బతుకుతున్నది శంకరప్ప ఒక్కడే కాదని.

ఆ రోజు ఆయనకు ఎన్నడూ లేనంత దలాలీ వచ్చింది. సంత ఎత్తేసే దాకా ఉంటే ఇంకా వచ్చేది. నాలుగింటికే తువాల దులుపుకుని ఇంటికి బయల్దేరాడు.

రజిత అరుగు మీద ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఫీజు కట్టే పేజీ తెరిచి ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. చంద్రప్ప ఆమె ఎదురుగా కూర్చున్నాడు. తువాల తీసి తన కుడిచేతి మీద కప్పాడు.

"చెయ్యి పెట్టు బిడ్డా."

రజిత నిర్ఘాంతపోయింది. ఆ తువాల కిందికి ఇంతవరకు ఆడవాళ్ల చేయి వెళ్లింది లేదు. ఫోను అరుగు మీద ఉంచి చేయి పెట్టింది. బాపు అరచేయి గరుకుగా, వెచ్చగా తగిలింది. ఐదు వేళ్లూ చాపి ఆయన చేతిలో పెట్టింది. ఒక్కో వేలు ఒక్కో లక్ష.

చంద్రప్ప మూడు వేళ్లు మడిచేశాడు. రెండు పట్టుకున్నాడు.

ఆమె మళ్లీ ఐదూ చాపింది. ఆయన మళ్లీ మడిచాడు. రెండే. మొదటి ఏడాది ఫీజు, అంతే. ఆయన చేయి అలాగే చేస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు, అడిగినంతా ఒక్కసారే ఒప్పుకోవడం దానికి తెలియదు.

రజిత చూపు తనకు తెలియకుండానే కిందికి పోయింది. నల్ల షూ. ఎనిమిదేళ్ల వయసు నుంచి మొదటిసారి, బాపు మనసులో ఏముందో ఆమెకు తెలియలేదు. రెండు అంటే నిజంగా రెండేనేమో. రెండో ఏడు మధ్యలో ఆపి రావాలేమో. ఆమె కళ్లలో నీళ్లు నిండి, షూ మసకబారింది.

చంద్రప్ప ఆమె చేతిని చూడలేదు. సుభాష్ శంకరప్పను చూసినట్టు, తన కూతురు ఎటు చూస్తోందో చూశాడు.

తువాల కింద చేయి వదల్లేదు. వంగి, మూలుగుతూ, ఎడమచేత్తో కుడికాలి షూ లాగి అవతల పారేశాడు. పొద్దుటి నుంచి ఉడికి ఎర్రబడిన కాలు అరుగు మీద పెట్టాడు.

బొటనవేలు లేచింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. కొంచెం ఆగింది. ఐదోసారి కూడా లేచింది.

తువాల కింద మాత్రం ఇంకా రెండు వేళ్లే ఉన్నాయి. రజిత ఏడుస్తూనే నవ్వేసింది.

"బొలెరో ఏమైతది బాపూ?"

"రెండేండ్లు గా ఫోన్లనే గడ్డి మేస్తది తియ్యి. జల్దీ కట్టు, ఐదైతుంది."

గడపలోంచి సత్తెమ్మ గొంతు వినిపించింది. "నాలుగు ఫీజుకు, ఒకటి హాస్టల్‌కు. సరిపోయింది. నేను ఆరు లేస్తదేమో అనుకున్న, దానికొక ల్యాప్‌టాప్ గూడ కావాలె."

చంద్రప్ప గిర్రున తిరిగి చూశాడు. "నీకు గూడ ఎరుకనా?"

"నన్ను సూడ వచ్చిననాడు మీ నాయిన ఇంటికి వోయి చెప్తమన్నడు. నువ్వు నేల సూస్కుంట కూసున్నవ్. నేను నీ కాలు జూసిన" అంది సత్తెమ్మ, పారేసిన షూను రెండు వేళ్లతో ఎత్తి, ముక్కు మూసుకుని, గేటు అవతల పెట్టడానికి పోతూ.